ఆరో ఫ్లాపీ

వార్తను కొయ్యాల్సి వస్తే కింది నుంచి కొయ్యాలి. పత్రికలో చేరిన మొదటి వారంలోనే నాకు ఈ పాఠం చెప్పారు. ఆ తర్వాత ఉద్యోగ జీవితం మొత్తంలో దీన్ని కాదన్నవాళ్లు నాకు కనిపించలేదు. ముఖ్యమైన సంగతి మొదటి పేరాలో ఉంటుంది, అంతకంటే తక్కువది రెండో పేరాలో. అలా దిగుతూ పోతే చివరి పేరా ఎగిరిపోయినా పాఠకుడికి తేడా తెలియదు. పేజీలో చోటు చాలకపోతే సబ్ ఎడిటర్ వార్త మొత్తం చదవాల్సిన పని కూడా లేదు, తోక పట్టుకుని కోస్తే చాలు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు కూడా ఎవరో ఒకరు ఈ సూత్రం చెప్పే ఉంటారు. మంచి సూత్రమే. దాన్ని నమ్ముకుని తార్నాకలో ఒక శనివారం మధ్యాహ్నం మేం ఎంత తంటా పడ్డామో చెబుతాను, వినండి.

తొంభైల మధ్యలో సంగతి ఇది. యూనివర్సిటీ క్యాంపస్ కోసం, చుట్టుపక్కల కాలనీల కోసం మా పత్రిక వారానికోసారి ఒక అనుబంధం వేసేది. అందుకని తార్నాకలో చిన్న ఆఫీసు తెరిచారు. కింద ఎంట్రెన్స్ కోచింగ్ సెంటర్, పైన రెండు గదుల్లో మేము. కింద లెక్కల మాస్టారు మైకులో చెప్పే పాఠం నేలలోంచి మాకు స్పష్టంగా వినిపించేది. శీర్షిక కోసం ఆలోచిస్తూ ఆలోచిస్తూ మాలో ఎవరో ఒకరు ఏదో సూత్రం గొణిగేవారు. ఆఫీసులో మొత్తం నలుగురం. క్యాంపస్ వార్తలు రాసేది నేను. వాటిని దిద్దేది చీఫ్ సబ్ ఎడిటర్. పేజీలు కట్టేది డీటీపీ ఆపరేటర్. కట్టిన పేజీలను నగరానికి అవతలి వైపు, హెడ్డాఫీసులోనే ఉన్న ప్రెస్సుకు స్కూటర్ మీద చేరవేసేది డిస్పాచ్ మనిషి.

చీఫ్ సబ్ వారాసిగూడ నుంచి బస్సులో వచ్చేవారు. యాభై దాటిన మనిషి, సీసపు అక్షరాల రోజుల్లో పని నేర్చుకున్నవారు. అప్పట్లో చోటు చాలకపోతే చివరి నాలుగు లైన్ల సీసాన్ని చేత్తోనే ఎత్తి పక్కన పడేసేవారట. కంప్యూటర్ వచ్చాక సీసం పోయింది గానీ ఆ చెయ్యి మాత్రం అలాగే ఉండిపోయింది. క్యాంపస్ సభల వార్తల్లో ఆ చేతికి ఎప్పుడూ చిక్కేది వందన సమర్పణ. అది ఏ సభకైనా చివర్లోనే వస్తుంది కాబట్టి నా వార్తలోనూ చివర్లోనే ఉండేది, అందుకని ఏనాడూ అచ్చయ్యేది కాదు.

దీనివల్ల ఎవరికీ నష్టం లేదనుకునేవాళ్లం. ఒకాయనకు తప్ప. యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్ ఒకాయన ఉండేవారు. గొంతు బాగుంటుంది, మాట గంభీరంగా ఉంటుంది అని ఏ శాఖ సభ పెట్టినా వందన సమర్పణకు ఆయననే పిలిచేవారు. అలా క్యాంపస్‌లో అందరికంటే ఎక్కువసార్లు వేదిక ఎక్కిన ఆ మనిషి పేరు మా పత్రికలో ఒక్కసారి కూడా రాలేదు. క్యాంటీన్‌లో నేను కనబడితే చాలు, చాయ్ కప్పు కింద పెట్టి అడిగేవారు.

"ఏం సార్, నిన్నటి మీటింగు అధ్యక్షులవారి మాటలతోనే ఖతమైందా? మేమందరం గాడ ఇంకా కూసోనే ఉంటిమి గద."

ఇక మా ఆపరేటర్. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేది. భర్త వర్క్‌షాపులో పని. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, పెళ్లయ్యాక టైపు నేర్చుకుని, ఆ పైన కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. చేతి వేగం ఎంతో నోటి వేగం కూడా అంతే. ఆదివారం చర్చికి పోవాలి కాబట్టి శనివారం పని శనివారమే తెగాలనేది ఆమె పట్టుదల. మా ముగ్గురివీ పర్మనెంట్ ఉద్యోగాలు, ఆమెది కాంట్రాక్టు. అంతకుముందు ఆమె చేరిన జిరాక్స్ సెంటర్ మూతపడింది. ఆ తర్వాత చేరిన డీటీపీ షాపు మూతపడింది. మూడోది ఒక ట్యుటోరియల్, అదీ అంతే.

"నేను కాలు పెట్టిన దుకాణమల్లా మూతపడ్తది సార్," అనేది చీఫ్ సబ్‌తో. "ఈ ఆఫీసన్న జర పైలంగ చూసుకోండ్రి."

"పేపర్ ఆఫీసు మూతపడదు బిడ్డా. అప్పుల మీద అట్లనే నడుస్తది," అని ఆయన ధైర్యం చెప్పేవారు.

ఆ ధైర్యం ఎక్కువ కాలం నిలవలేదు. యూనివర్సిటీ పాత విద్యార్థులు పెద్ద సమ్మేళనం పెట్టుకున్నారు. ఒక ఆదివారం పొద్దున జరిగే ఆ సభకు వచ్చినవాళ్లందరికీ పంచేలా ఎనిమిది పేజీల ప్రత్యేక అనుబంధం వెయ్యాలని మా పత్రిక ఒప్పుకుంది. పని మా చిన్న ఆఫీసుకు వచ్చింది. దానితోపాటే హెడ్డాఫీసు నుంచి ప్రొడక్షన్ మేనేజర్ కూడా వచ్చారు. మా రెండు గదులూ తిరిగి చూసి, కింది నుంచి వస్తున్న లెక్కల పాఠం కాసేపు విని, వచ్చిన పని చెప్పారు. ఇంత పెద్ద అనుబంధాన్ని, ఎవరూ ప్రెస్సుకు వచ్చి కూర్చోకుండా, తార్నాక నుంచే కట్టి శనివారం సాయంత్రం అయిదుకల్లా పంపగలిగితే ఆఫీసు ఇక్కడే ఉంటుంది, ఆపరేటర్‌ను పర్మనెంట్ చేస్తారు. పంపలేకపోతే పేజీలన్నీ హెడ్డాఫీసులోనే కడతారు. మా ముగ్గురికీ అక్కడ కుర్చీలు ఉన్నాయి. ఆమెకు లేదు, అక్కడ ఆపరేటర్లు చాలామందే ఉన్నారు.

ఆయన మెట్లు దిగిపోయాక ఆమె కీబోర్డు మీద దుమ్ము తుడిచి పనిలో కూర్చుంది. 

పేజీలు కట్టడం ఇబ్బంది కాలేదు. పంపడమే ఇబ్బంది. అప్పట్లో మా బండి, మా తపాలా అన్నీ ఫ్లాపీలే. అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ బిళ్ల. ఇవాళ మీరు ఫోనులో తీసే ఒక్క ఫొటో కూడా దాంట్లో పట్టదు. మామూలు వారాల్లో పేజీకో ఫ్లాపీ చొప్పున సరిపోయేది, ఒకటి పాడైతే ఆ ఒక్క పేజీ మళ్లీ పంపేవాళ్లం. ఈసారి పేజీల నిండా పాత ఫొటోలు. హాస్టల్ మెస్సుల ముందు, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, పెద్ద కాలర్ల చొక్కాలతో నిలబడ్డ మనుషులు. ఒక్కో పేజీ ఒక ఫ్లాపీని మించి ఉబ్బిపోయింది. ఫోను లైను మీద పంపే యంత్రం ఒకటి ఇచ్చారు గానీ ఆ లైను మాకూ కింద కోచింగ్ సెంటర్‌కూ ఉమ్మడిది. సగం పేజీ వెళ్లేసరికి ఎవరో తండ్రి ఫీజు ఎంతని అడగడానికి ఫోన్ చేసేవాడు, అక్కడితో తెగేది.

హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడు ఉపాయం చెప్పాడు. కోనసీమ మనిషి, మాట నిదానం. జిప్ అని ఒక ప్రోగ్రాం ఉందని, అది ఎనిమిది పేజీలనూ కలిపి బిగించి మూట కడుతుందని, ఆ మూటను ఫ్లాపీకి సరిపోయేంత ముక్కలుగా కోస్తుందని చెప్పాడు. ఒకటి నిండగానే తర్వాతిది పెట్టమని అదే అడుగుతుంది. అక్కడ ఆ ముక్కలను మళ్లీ అతికి విప్పుకుంటారు.

చీఫ్ సబ్ ఫోను పెట్టేసి మాకు వివరించారు. "ఏం లేదయ్యా. పెద్ద వార్తను సీరియల్ లెక్క వేసినట్టు. ఒకటో భాగం, రెండో భాగం."

మాకు అర్థమైంది. ఆయనకూ అర్థమైంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

శనివారం మధ్యాహ్నానికి మూట ఆరు ఫ్లాపీలైంది. ఆమె ఒక్కో దాని మీద అంకె వేసి వరసగా బల్ల మీద పెట్టింది. "ఆరోది దాదాపు ఖాళీనే సార్, జరంత పడ్డది," అని చెప్పి పక్క గదిలో అన్నం తినడానికి వెళ్లింది. నేను క్యాంపస్‌లో సభ ఏర్పాట్లు చూస్తున్నాను. కాబట్టి తర్వాత జరిగింది మాకు చీఫ్ సబ్ చెబితేనే తెలిసింది.

అంతలో యూనివర్సిటీ నుంచి ఒక వార్త వచ్చింది, పరీక్షలు వాయిదా అని. మర్నాటి పేపర్లో తప్పకుండా రావాలి. దాన్ని పంపడానికి ఇంకో ఫ్లాపీ లేదు. మాకు ఫ్లాపీలు లెక్కగట్టి ఇచ్చేవాళ్లు, వెళ్లినవి తిరిగి వస్తేనే కొత్త పని. చీఫ్ సబ్ బల్ల మీదున్న ఆరింటినీ చూశారు. ఆరోది దాదాపు ఖాళీ అని ఆమె అననే అంది. ఎనిమిదో పేజీ అడుగున ఏముందో ఆయనకు తెలుసు, ఆయనే దిద్దారు. సమ్మేళనానికి సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు. ఆ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఆరో ఫ్లాపీని శుభ్రంగా తుడిచి, పరీక్షల వాయిదా వార్త దాంట్లోకి ఎక్కించి, డిస్పాచ్ మనిషిని పంపేశారు. ఆయన వాటిని ఎప్పటిలాగే తన స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వెళ్లాడు. మా ఫ్లాపీలు చింతకాయ తొక్కు వాసన వస్తాయని ప్రెస్సులో ఒక ఫిర్యాదు ఉండేది.

నేను క్యాంపస్ నుంచి తిరిగొచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోన్ మోగింది. కోనసీమ కుర్రాడు. రిసీవర్ చీఫ్ సబ్ చెవి దగ్గర ఉన్నా మాకు వినబడేంత గట్టిగా మాట్లాడుతున్నాడు.

"సార్, ఆరో దాంట్లో ఏదో పరీక్షల వార్త ఉందండి. మూట తాలూకు ఆరో ముక్క ఏదండి?"

"గా వార్త రేపటి పేపర్‌కు. ఆరో ముక్క నేను తీసేసిన. అండ్ల ఏం లేదు, తోకనే. మీరు అయిదింటితోని కానియ్యుండ్రి."



"అలా కుదరదండి. ఇది విప్పడానికి మొట్టమొదట చివరి ఫ్లాపీనే అడుగుతోందండి."

"చివరిది మొదలెందుకు అడుగుతది?"

"ఏ పేజీ ఏ ముక్కలో ఉందో చెప్పే విషయసూచిక చివర్లో ఉంటుందండి. అది లేకపోతే ముందువి ఎన్ని ఉన్నా ఒక్క పేజీ కూడా రాదండి."

"విషయసూచిక చివర్ల పెట్టెటోడు ఎవడయ్యా? గసుంటోనికి మా డెస్కుల ఉద్యోగం దొరకది."

"ఆ ప్రోగ్రాం నేను రాసింది కాదండి," అన్నాడు కుర్రాడు వినయంగా. పాత అయిదింటికి కొత్తగా చేసిన ఆరోది అతుకుతుందో లేదో తాను చెప్పలేనని, మొత్తం ఆరూ మళ్లీ కోసి పంపమని, డిస్పాచ్ ఆయనను ఇప్పుడే వెనక్కి పంపుతున్నానని చెప్పాడు.

ఆపరేటర్ చాయ్ గ్లాసు కడిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"తుడిచేసిండ్రా సార్?"

"తుడిచిన."

"మొత్తం?"

"తుడుచుడంటే మొత్తమే ఉంటది గద బిడ్డా."

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. "మూడు దుకాణాలు వాటంతట అవి మూతపడ్డయి సార్. దీన్ని మనమే మూస్తున్నం."

చీఫ్ సబ్ ముఖం చూడలేకపోయాను. ఆయన గబగబా ఆలోచించారు. పేజీలన్నీ కంప్యూటర్‌లో భద్రంగానే ఉన్నాయి కాబట్టి ఆ పెట్టెను అలాగే ఊడదీసి, దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ప్రెస్సుకు తీసుకుపోదామన్నారు. చేయగలిగిన పనే. ముక్కలు కోసే బాధ కూడా లేదు.

ఆమె ఒప్పుకోలేదు. "పెట్టె గాడికి పోతే మల్ల తిరిగి రాదు సార్. ఎవరూ రాకుండ పంపమన్నరు గద మేనేజర్ సార్? మనం పెట్టె మోసుకోని పోతే, మరి తార్నాకల ఆఫీసు ఎందుకంటరు. పెట్టె గాడనే ఉంటది. మీరు గాడనే ఉంటరు. నేను ఇంట్ల ఉంట."

వెళ్లిన ఫ్లాపీలు తిరిగొచ్చేదాకా ఆగితే అయిదు దాటిపోతుంది. కావలసింది ఆరు ఫ్లాపీలు. తార్నాకలో అవి అమ్మే దుకాణం ఒకటి ఉంది. నేను పరుగెత్తి చూస్తే షట్టర్ దించి ఉంది, పక్క పాన్ డబ్బావాడు ఏదో పెళ్లికి పోయారన్నాడు. సికింద్రాబాద్ పోయి వచ్చే వ్యవధి లేదు. కింద కోచింగ్ సెంటర్ మేనేజర్‌ను అడిగాను.

"మా తాన చాక్‌పీసులున్నయి సార్, కావాల్నా?" అన్నాడాయన మనస్ఫూర్తిగా.

అప్పుడు గుర్తొచ్చింది, యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాల జాబితా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారని. శనివారమైనా లైబ్రరీ తెరిచే ఉంటుంది. ఆ విభాగం ఎవరి చేతిలో ఉందో కూడా గుర్తొచ్చింది. చీఫ్ సబ్‌కు చెప్పాను. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "నీ స్కూటర్ తియ్యి," అన్నారు.

అసిస్టెంట్ లైబ్రేరియన్ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. మర్యాదకు లోటు చేసే మనిషి కాదు.

"రాండ్రి సార్, కూసోండ్రి. మీరు మా లైబ్రరీకి వచ్చుడు ఇదే మొదలు అనుకుంట. కార్డు ఏమన్న కావాల్నా?"

"ఆరు ఫ్లాపీలు కావాలె సార్. రేపు పొద్దుగాల వాపసు ఇస్తం."

"ఇద్దాం. ఎందుకో తెలుసుకోవచ్చునా?"

చీఫ్ సబ్ చెప్పారు. దాచకుండా, మొదటి నుంచి. లైబ్రేరియన్ గారు చేతులు కట్టుకుని వింటున్నారు. వింటున్నకొద్దీ ఆ ముఖంలో ఒక ప్రశాంతత పరుచుకుంది.

"అంటే, చివరిది లేకుంటే ముందరి అయిదు ఎందుకూ పనికిరావంటరు."

"రావంట."

"మల్లొకపారి చెప్పుండ్రి సార్, సరిగ్గ వినబడలేదు."

"చివరిది లేకుంటే," అన్నారు చీఫ్ సబ్ ఒక్కో మాటా నొక్కుతూ, "ముందరివి ఎందుకూ పనికిరావు."

"మా ఇంట్ల మా ఆవిడ ఉంటది సార్," అన్నారు లైబ్రేరియన్ గారు బీరువా తాళం తీస్తూ. "ప్రతి మీటింగు మరునాడు పేపర్ తెరిచి చూస్తది. చూసి, నువ్వు అసలు మీటింగుకే పోతున్నవా, ఇంకెటన్న పోతున్నవా అని అడుగుతది. ఏం జవాబు చెప్పాలె?"

చీఫ్ సబ్ తల వంచుకున్నారు. లైబ్రేరియన్ గారు ఆరు కాదు, పది ఫ్లాపీలున్న డబ్బా మొత్తం తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. దాంట్లో తమ జాబితా నకళ్లు ఉన్నాయని, అసలువి వేరే ఉన్నాయి కాబట్టి నిశ్చింతగా తుడిచెయ్యమని చెప్పారు. "తుడుచుట్ల మీకు అనుభవమున్నది గద," అని మాత్రం కలిపారు. ప్రతిగా ఏమీ అడగలేదు. మర్నాటి సభలో వందన సమర్పణ ఆయనదే. సోమవారం పేపర్లో ఆ సభ వార్త మొదటి పేరాలోనే ఆయన పేరు, వందన సమర్పణ వచ్చాయి. ముఖ్య అతిథి రెండో పేరాలోకి దిగారు. పాఠకులకు అది వింతగా తోచి ఉంటుంది, ఎవరూ ఉత్తరం మాత్రం రాయలేదు.

తిరిగి వచ్చేసరికి ఆపరేటర్ అంతా సిద్ధం చేసుకుని కూర్చుంది. ఒకటోది పెట్టింది. యంత్రం గరగరలాడుతూ రాసుకుంటోంది. రెండోది. మూడోది మధ్యలో కీచుమని ఆగిపోయింది, ఆ ఫ్లాపీ పాడైందని తెర మీద వచ్చింది. ఆమె లోగొంతుకతో "స్తోత్రం, స్తోత్రం" అనుకుంటూ దాన్ని తీసి, డబ్బాలోంచి ఇంకోటి పెట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చీఫ్ సబ్ ఆమె భుజం వెనక నిలబడి ప్రతి శబ్దానికీ ముందుకు వంగుతున్నారు.

"సార్, జర దూరం నిలవడ్తరా," అంది ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా. "మీరు దగ్గరుంటే ఫ్లాపీలు భయపడ్తున్నయి."

ఆయన వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డారు. కింద మాస్టారు సంభావ్యత చెబుతున్నారు. పెట్టెలో మూడు ఎర్ర బంతులు, రెండు నల్ల బంతులు. ఆ లెక్క ఇంత శ్రద్ధగా నేను కాలేజీలో కూడా వినలేదు.

అయిదోది నిండుతుండగా డిస్పాచ్ మనిషి చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. "క్యా సాబ్, నన్ను గిట్ల బంతి లెక్క ఆడుకుంటుండ్రు," అని గోడకు ఆనుకున్నాడు. ఆరోది రాసుకోవడం అయ్యాక ఆమె వాటిని తనే టిఫిన్ డబ్బాలో సర్దింది. ఆరోదాన్ని అన్నిటికంటే పైన పెట్టింది.

"అన్నా, ఇది నీ పానం అనుకో."

"నా పానం ఇంత చిన్నగ ఉన్నదా అక్కా," అంటూనే ఆయన డబ్బా మూత బిగించి, చేతిరుమాలు చుట్టి ముడేశాడు. స్కూటర్ మెట్టుగూడ వైపు మలుపు తిరిగేదాకా ముగ్గురం కిటికీలోంచి చూశాం.

ఇక ఫోన్ కోసం ఎదురుచూపు. పేపర్ ఆఫీసులో పనిచేసేవాళ్లకు ఎదురుచూడటం అలవాటే, మాట్లాడకుండా ఎదురుచూడటం మాత్రం అలవాటు లేదు. అలా గంట గడిచింది. గడియారం అయిదు దాటింది. ఫోన్ మోగలేదు. ఆమె ఉండబట్టలేక రిసీవర్ ఎత్తి చూసింది. ఎవరో ఒకాయన కింది కోచింగ్ సెంటర్‌తో తన కొడుకు మార్కుల గురించి విస్తారంగా మాట్లాడుతున్నారు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగింది. ఏం చెప్పిందో తెలియదు. మైకులో పాఠం కూడా ఒక్క క్షణం ఆగింది. ఆమె పైకి వచ్చి కూర్చోకముందే ఫోన్ మోగింది.

చీఫ్ సబ్ ఎత్తారు. ఈసారి కోనసీమ కుర్రాడు కాదు, మేనేజర్. అవతలి మాట మాకు వినబడలేదు.

"నమస్తే సార్. వచ్చినయా. ఎనిమిది పేజీలు విప్పుకున్నయా. ఫొటోలు గూడనా. మంచిది సార్, మంచిది."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని తీసేసింది. అయితే సంభాషణ అక్కడితో అవలేదు. మేనేజర్ ఇంకేదో అడిగారు. మధ్యాహ్నం అయిదు ఫ్లాపీలు వచ్చి సాయంత్రం మళ్లీ ఆరు ఎందుకు రావాల్సి వచ్చిందనే అయి ఉంటుంది. చీఫ్ సబ్ రిసీవర్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నారు. ఇన్నేళ్లలో నేను చూసిన ఆఫీసులన్నిటిలో తప్పులకు ఒకటే దారి. పైనెక్కడ జరిగినా మెట్లు దిగుతూ వచ్చి కాంట్రాక్టు మనిషి కుర్చీ దగ్గర ఆగుతాయి. "ఆపరేటర్ పొరపాటు సార్, సరిచేసినం" అంటే చాలు, అవతల ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఆ సంగతి ఆమెకు మా అందరికంటే బాగా తెలుసు. కీబోర్డు వైపే చూస్తూ కూర్చుంది.

"అమ్మాయి మధ్యాహ్నమే ఆరు సరిగ్గ చేసి ఇచ్చింది సార్," అన్నారు చీఫ్ సబ్. "అయిదు పంపింది నేను. ఆరోది నేనే తుడిచిన." అవతల ఏదో అడిగారు. ఆయన కొంచెం ఆలోచించారు. "ఎందుకంటే ఏం చెప్పాలె సార్. అలవాటు."

రిసీవర్‌లోంచి నవ్వు మాకు కూడా వినిపించింది. చాలాసేపే నవ్వారు. ఆ తర్వాత చీఫ్ సబ్ రిసీవర్‌ను ఆమె వైపు చాచారు. "నీతోని మాట్లాడ్తరంట."

ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "చెప్పుండ్రి సార్. అవును సార్. ఒకటో తారీకు నుంచా సార్?" ఆ తర్వాత చాలాసేపు విని, "నాకేం వద్దు సార్," అంది. అని, ఆగి, చీఫ్ సబ్ వైపు ఒకసారి చూసింది. "ఒకటి కావాలె సార్. తాళం ఉన్న డ్రాయర్."

ఫోన్ పెట్టేదాకా ఓపిక పట్టి చీఫ్ సబ్ అడిగారు. "తాళమెందుకు బిడ్డా? ఆఫీసుల ఉండేది మనం నలుగురమే గద."

"అందుకే సార్."

ముందు నవ్వింది ఆయనే. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

ఎవరికో ఒకరికి చోటు చాలదు కాబట్టి పత్రికలో కోత తప్పదు. నేనూ తర్వాత డెస్కులో కూర్చుని ఎన్నో తోకలు కోశాను, మీరూ కోస్తారు. కోసే ముందు ఒకసారి చదవండి, అంతకు మించి నేను చెప్పేదేమీ లేదు.

టేబుల్ సొరుగు సోమవారమే వచ్చింది. నియామకపు కాగితం మాత్రం నెమ్మదిగా వచ్చింది, హెడ్డాఫీసు కాగితాలు ఎప్పుడూ అంతే. ఆమె దాన్ని నిలబడే చదువుకుంది, మడిచింది, సొరుగులో ఫ్లాపీల డబ్బా కింద పెట్టింది. తాళం వెయ్యబోతుంటే చీఫ్ సబ్ తన కళ్లజోడు తీసి ఆమెకు అందించారు.

"ఇది గూడ అండ్లనే పెట్టు బిడ్డా. ఇంటికి పొయ్యేటప్పుడు ఇయ్యి. నా తాన ఉంటే ఏడ పెడ్తనో నాకే తెల్వది."

ఆమె అందుకోలేదు. సొరుగుకు తాళం వేసి, తాళంచెవి చేతిసంచిలో పడేసుకుంది.

"అవి పెట్టుకోని కూసోండ్రి సార్. రెండో పేజీ ఇంక దిద్దలేదు."